పెయ్యి చెప్పే మాట

జనగామ జిల్లాలో కవి పోతన ఊరైన బమ్మెర పొలాలు చూసినవాళ్లకు ఆయన పద్యాల్లోని గజేంద్రుడు గుర్తురాకుండా ఉండడు. మొసలి నోట చిక్కిన ఆ ఏనుగు భయమేస్తోందని ఒక్క ముక్కలో తేల్చదు. సత్తువ ఏమాత్రం మిగల్లేదంటుంది, ప్రాణాలు చోటు తప్పాయంటుంది, సొమ్మసిల్లుతున్నానంటుంది. వినేవాడి ఒళ్లు కూడా అలిసిపోతుంది.

కథ రాసేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

ఉద్వేగాన్ని ఒంటితో చెప్పే ఈ విద్య తెలుగువాళ్ల సొంతమేమీ కాదు. ఉజ్బెక్ నవలకు ఆద్యుడైన అబ్దుల్లా ఖాదిరి 1920లలో ‘గడిచిన రోజులు’ రాశాడు. అతని భాషలో రక్తసంబంధీకుణ్ణి ‘జిగర్’ అంటారు, అంటే కాలేయం. తెలంగాణలో చిన్ననాటి స్నేహితుణ్ణి ‘జిగ్రీ దోస్తు’ అని పిలుచుకునే మాటలో ఉన్నదీ ఆ పారసీ కాలేయమే! గుండె సంగతి వేరు. ఉజ్బెకులకు గుండె పగిలిందంటే హడలిపోవడం, మనకు ఎక్కువగా దుఃఖం. ఒకే అవయవం, ఊరు మారితే ఉద్వేగం మారుతుంది.

మళ్లీ మన ఊళ్లకొస్తే, మహబూబాబాద్ జిల్లా చినగూడూరులో 1928లో పుట్టిన దాశరథి రంగాచార్య, నిజాం కాలపు గడీ బతుకును ‘చిల్లర దేవుళ్లు’ నవలగా రాశారు. ఆ కాలంలో భయం మనసులో దాగేది కాదు. దొర ఎదురైతే చెప్పులు చేతిలోకొచ్చేవి, నడుం వంగేది, నోరు ‘నీ బాంచన్’ అనేది. తరాల తరబడి వంగిన నడుముకు ‘భయపడ్డాడు’ అన్న క్రియాపదం ఏం సరిపోతుంది?

ఇప్పటి కథల్లో మాత్రం ‘గుండె ఝల్లుమంది’, ‘కళ్లు చెమర్చాయి’ అన్నవి అరిగిన నాణేల్లా తిరుగుతున్నాయి. ఇది బాధాకరం. ఎందుకంటే భూపాలపల్లిలో సింగరేణి బాయికి పోయిన మనిషి వేళకు రాకపోతే ఇంట్లో ఆడమనిషి అనే మాటలు అవి కావు. ‘పానం గుంజుతంది’ అంటుంది. ‘కాళ్లు రెక్కలు ఆడుతలేవు’ అంటుంది. ‘కడుపుల దేవినట్టయితంది’ అంటుంది. పెయ్యిలో ఎక్కడెక్కడ ఏం జరుగుతోందో ఆమెకు స్పష్టంగా తెలుసు.

అలాంటి ఆమె గురించి రాసే కథకుడు ‘ఆందోళన చెందింది’ అన్న వాక్యాన్ని కొట్టేయాలి. పొయ్యి మీది గిన్నెను ఆమె మసిగుడ్డ లేకుండానే దించిందనీ, వేళ్లు కాలిన సంగతి మనిషి ఇంటికొచ్చి చెప్పులు విడిచాకే తెలిసిందనీ రాస్తే చాలు.