వర్ణన నిలిచింది, దర్శనం చెదిరింది: క్నూట్ హాంసున్ చివరి రచన - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆధునిక నవలకు కొత్త దారి చూపిన నార్వే రచయిత క్నూట్ హాంసున్ (1859-1952). రెండవ ప్రపంచయుద్ధకాలంలో తన దేశాన్ని ఆక్రమించిన నాజీ జర్మనీని బహిరంగంగా సమర్థించినవాడూ ఆయనే. యుద్ధానంతరం నిర్బంధంలోనూ విచారణకాలంలోనూ రాసి, 1949లో ఆయన ప్రచురించిన చివరి పుస్తకం "పొదలు కమ్మిన దారులలో". ఆ పుస్తకాన్ని భారతీయ అలంకారశాస్త్రంలోని దర్శనం, వర్ణన అనే భావనల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హాంసున్ ప్రజాజీవితాన్ని సమకాలిక రచయిత్రి సిగ్రిడ్ ఉండ్సెట్ ప్రజాజీవితంతో పోల్చి, రచయిత బాధ్యతను నిర్ణయించడంలో రచనే సాక్ష్యంగా నిలిచే తీరును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నార్వే సాహిత్యం, క్నూట్ హాంసున్, సిగ్రిడ్ ఉండ్సెట్, నోబెల్ పురస్కారం, దర్శనం, వర్ణన, రచయిత బాధ్యత.

1. ఉపోద్ఘాతం:

కవి జీవితాన్ని పక్కనపెట్టి కావ్యాన్ని చదవాలా, కవి నడవడిని కూడా లెక్కలోకి తీసుకోవాలా అన్న చర్చ సాహిత్యవిమర్శలో పాతదే. ఋషి కానివాడు కవి కాలేడని మన ఆలంకారికులు చెప్పారు. భట్టతౌతుడిదిగా పేర్కొనే ఈ మాటను తెలుగు విమర్శకులు తరచుగా ప్రస్తావిస్తారు. అయితే ఆ మాట వెనుక ఉన్న విభజనను అంతగా పట్టించుకోరు. వస్తుతత్త్వాన్ని ఉన్నదున్నట్లు చూడగలగడం దర్శనం. చూసినదాన్ని మాటల్లో నిలపగలగడం వర్ణన. దర్శనం కలవాడు ఋషి. దర్శనానికి వర్ణన తోడైనప్పుడే అతడు కవి. ఇక్కడ ఋషిత్వానికి ప్రమాణం చూపే గాని శీలం కాదు.

ఈ విభజనను అంగీకరిస్తే విమర్శకుడి ప్రశ్న మారుతుంది. "ఈ రచయిత మంచివాడా, చెడ్డవాడా?" అన్నది ప్రధానం కాదు. "ఈయన ఏమి చూశాడు? ఏమి చూడలేదు? చూడనిదాన్ని ఎలా కప్పిపుచ్చాడు?" అన్నవి ప్రధానమవుతాయి. ఈ ప్రశ్నలకు హాంసున్ చివరి పుస్తకం కంటే కఠినమైన పరీక్ష దొరకడం కష్టం.

1890లో వెలువడిన "ఆకలి" నవలతో హాంసున్‌కు కీర్తి వచ్చింది. క్రిస్టియానియా (నేటి ఓస్లో) వీధుల్లో తిండిలేక తిరిగే ఒక పేరులేని యువ రచయిత మనసులో క్షణక్షణానికీ కలిగే మార్పులే ఆ నవలకు వస్తువు. "పాన్" (1894), "విక్టోరియా" (1898) ఆ కీర్తిని స్థిరపరిచాయి. "నేల పంట" (1917) అనే అర్థం వచ్చే నవలకుగాను 1920లో ఆయనకు నోబెల్ పురస్కారం లభించింది. యిడ్డిష్ కథకుడు ఐజాక్ బషెవిస్ సింగర్ ఆయన నవలలను తన భాషలోకి అనువదించాడు, ఇరవయ్యో శతాబ్దపు కథాసాహిత్యమంతా హాంసున్ నుంచే పుట్టిందనే స్థాయిలో ప్రశంసించాడు. యూదు రచయిత నుంచి వచ్చిన ఈ ప్రశంస, హాంసున్ రాజకీయ జీవితం పక్కన ఉంచి చూసినప్పుడు సమస్య తీవ్రతను తెలుపుతుంది.

2. రెండు నోబెల్ పతకాలు:

యుద్ధం మొదలయ్యేనాటికి సాహిత్యంలో నోబెల్ పొందిన నార్వే రచయితలు ముగ్గురు. వారిలో బ్యోర్న్‌స్యర్నె బ్యోర్న్‌సన్ (1903) అప్పటికే మరణించాడు. జీవించి ఉన్నవారు హాంసున్, మధ్యయుగపు నార్వే స్త్రీ జీవితాన్ని "క్రిస్టిన్ లావ్రాన్స్‌దత్తర్" అనే నవలాత్రయంగా చిత్రించి 1928లో పురస్కారం అందుకున్న సిగ్రిడ్ ఉండ్సెట్. వీరిద్దరి పతకాలూ యుద్ధకాలంలో చేతులు మారాయి.

1939 చివర ఫిన్లాండ్‌పై సోవియట్ సేనలు దాడి చేశాయి. 1940 జనవరిలో ఉండ్సెట్ తన పతకాన్ని ఫిన్లాండ్ సహాయార్థం ఇచ్చివేసింది. అదే సంవత్సరం ఏప్రిల్ 9న జర్మనీ నార్వేను ఆక్రమించింది. ఆ నెలలోనే జర్మన్ సేనలతో పోరాడుతూ ఆమె పెద్ద కొడుకు మరణించాడు. హిట్లర్‌ను మొదటినుంచీ విమర్శించిన ఆమె స్వీడన్ మీదుగా అమెరికా చేరి, అక్కడినుంచి నార్వే పక్షాన రాసింది, ప్రసంగించింది.

హాంసున్ పతకం మరోదారి పట్టింది. 1943లో ఆయన దాన్ని హిట్లర్ ప్రచారమంత్రి గోబెల్స్‌కు బహూకరించాడు. అసత్యప్రచారానికి "గోబెల్స్ ప్రచారం" అని తెలుగు రాజకీయ భాషలో స్థిరపడిన పేరు ఆ మంత్రిదే. ఇది ఒక ముసలివాడి క్షణికావేశమని కొట్టివేయడానికి వీల్లేదు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1935లో, నాజీల నిర్బంధశిబిరంలో ఉన్న జర్మన్ శాంతివాది కార్ల్ ఫన్ ఒసియెత్‌స్కీని నార్వే పత్రికల్లో హాంసున్ నిందించాడు. దానికి నిరసనగా 33 మంది నార్వే రచయితలు ప్రకటన చేశారు. 1935 సంవత్సరపు నోబెల్ శాంతి పురస్కారాన్ని 1936లో ఒసియెత్‌స్కీకే ప్రకటించారు. 1940లో దేశం పోరాడుతుండగా, ఆయుధాలు కింద పెట్టమని హాంసున్ తన ప్రజలకు పిలుపునిచ్చాడు. 1945 మే 7న, నార్వే విముక్తికి ఒకరోజు ముందు, హిట్లర్‌ను కీర్తిస్తూ ఆయన రాసిన సంస్మరణ ఆఫ్తెన్‌పోస్తెన్ పత్రికలో వచ్చింది. ఇవన్నీ ఒక వరుసలో పెట్టి చూస్తే, పది సంవత్సరాలపాటు నిలకడగా కొనసాగిన అభిప్రాయం కనిపిస్తుంది.

3. వైద్యుల నిర్ణయం, న్యాయస్థానం తీర్పు:

విముక్తి తర్వాత నార్వేలో తొంభై వేలకు పైగా దేశద్రోహం కేసులపై విచారణ జరిగింది. తన పేరే దేశద్రోహికి పర్యాయపదంగా మారిన విద్కున్ క్విస్లింగ్‌ను 1945 అక్టోబరులో కాల్చిచంపారు. హాంసున్‌ను ఏం చేయాలన్నది అంత తేలికగా తేలలేదు. 86 ఏళ్ల ఆయనను గ్రిమ్‌స్టాడ్ ఆసుపత్రిలో, తర్వాత లాండ్‌విక్ వృద్ధాశ్రమంలో ఉంచారు. 1945 అక్టోబరు నుంచి 1946 ఫిబ్రవరి వరకు ఓస్లోలోని విండెరెన్ మానసిక వైద్యశాలలో పరీక్షించారు. ఆయన ఉన్మాది కాడనీ, అయితే ఆయన మానసికశక్తులు శాశ్వతంగా బలహీనపడ్డాయనీ ఆచార్య గాబ్రియెల్ లాంగ్‌ఫెల్ట్, ఓర్నుల్ఫ్ ఓదెగోర్ నివేదిక ఇచ్చారు. దాంతో క్రిమినల్ విచారణ ఆగిపోయింది.

మిగిలింది నష్టపరిహారం దావా. క్విస్లింగ్ పక్షమైన నాస్యోనల్ సామ్లింగ్‌లో ఆయన సభ్యుడా కాదా అన్నది అందులో కీలకాంశం. 1947 డిసెంబరులో గ్రిమ్‌స్టాడ్ న్యాయస్థానం ఆయన సభ్యుడేనని మెజారిటీతో నిర్ణయించి 4,25,000 క్రోనర్లు చెల్లించాలని ఆదేశించింది. 1948లో సుప్రీంకోర్టు ఆ మొత్తాన్ని 3,25,000కు తగ్గించింది. ఆయన ఆస్తిలో అధికభాగం దానికే పోయింది.

వైద్యుల నిర్ణయం అందరికీ అనుకూలించింది. జాతి గర్వించిన రచయితను బోనులో నిలబెట్టే ఇబ్బంది ప్రభుత్వానికి తప్పింది. అభిమానులకు ఒక సాకు దొరికింది. దాన్ని అంగీకరించనివాడు హాంసున్ ఒక్కడే. ఆయన అభ్యంతరం రూపుదాల్చిన పుస్తకమే "పొదలు కమ్మిన దారులలో".

4. పుస్తకంలోని వర్ణనాశక్తి:

ఈ రచనను దినచర్య అనలేం, ఆత్మకథ అనలేం, న్యాయస్థానానికి ఇచ్చిన వాంగ్మూలమనీ అనలేం. మూడింటి లక్షణాలూ ఇందులో కలిసి ఉన్నాయి. 1945 మే నెలాఖరున గృహనిర్బంధపు వార్త రావడంతో కథనం మొదలై, 1948లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజున ముగుస్తుంది. అంటే పుస్తకపు ఆద్యంతాలను నిర్ణయించింది న్యాయవ్యవస్థ. ఆ రెండు హద్దుల మధ్య ఉన్నది మాత్రం చాలావరకు కేసుకు సంబంధించనిదే. నడక, వాతావరణం, చెట్లు, పాదరక్షలు, ఆసుపత్రి మనుషుల మాటతీరు, 1880లలో అమెరికాలో గడిపిన యౌవనపు జ్ఞాపకాలు ఇందులోని వస్తువులు. మధ్యలో అటార్నీ జనరల్‌కు రాసిన లేఖ, న్యాయస్థానంలో చేసిన ప్రసంగం యథాతథంగా వస్తాయి.

శిల్పపరంగా ఇది దృఢమైన రచన. దాదాపు తొంభై ఏళ్ల వయసులో, చెవులు వినిపించని, చూపు మందగించిన రచయిత చిన్న వాక్యాల్లో హాస్యాన్నీ విషాదాన్నీ కలిపి నడుపుతాడు. ఆరు దశాబ్దాల నాటి సంఘటనను నిన్న జరిగినట్టు చెబుతాడు. "ఆకలి"లోని యువకుడి చంచలమైన కంఠం ఇందులో వృద్ధుడి కంఠంగా మళ్లీ వినిపిస్తుంది. భట్టతౌతుడి పరిభాషలో చెబితే ఇక్కడ వర్ణన ఏమాత్రం తగ్గలేదు.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. ఈ పుస్తకం ఇంత బాగుంటే, రాసినవాడి మానసికశక్తులు శాశ్వతంగా బలహీనపడ్డాయన్న నిర్ణయం నిలవదు. ఆ నిర్ణయం నిలవకపోతే, యుద్ధకాలపు రాతలకు వార్ధక్యాన్ని సాకుగా చూపడమూ కుదరదు. తన బుద్ధి చెక్కుచెదరలేదని నిరూపించిన పుస్తకమే రచయిత బాధ్యతనూ నిరూపించింది. అభిమానులు పుస్తకాన్నీ సాకునూ రెండింటినీ ఒకేసారి అట్టిపెట్టుకోలేరు.

5. దర్శనలోపం - రెండు వాదాల వైరుధ్యం:

న్యాయస్థాన ప్రసంగంలో హాంసున్ రెండు వాదాలు చేస్తాడు. మొదటిది: తాను చెవిటివాడు, ఒంటరివాడు, తాను రాస్తున్నది తప్పని ఎవరూ తనకు చెప్పలేదు. రెండవది: మరణశిక్ష పడిన నార్వే పౌరుల ప్రాణాలు కాపాడమని వేడుకుంటూ తాను హిట్లర్‌కూ, ఆక్రమిత నార్వే పాలకుడు తెర్బోవెన్‌కూ టెలిగ్రాములు పంపాడు.

రెండవ వాదం అబద్ధం కాదు. ఆయన చేసిన విన్నపాలు వాస్తవం. 1943 జూన్‌లో హిట్లర్‌ను స్వయంగా కలిసి తెర్బోవెన్ పాలనపై ఫిర్యాదు చేసి, ఆగ్రహానికి గురైన సంగతీ వాస్తవమే. అయితే ఈ రెండవ వాదం మొదటిదాన్ని దెబ్బతీస్తుంది. ప్రాణభిక్ష కోరినవాడికి ప్రాణాలు తీస్తున్నారని తెలుసు. ఆయనకు సమాచారం కొరత లేదు. తెలిసిన విషయం నుంచి రావలసిన నిర్ణయం రాలేదు. ఎవరూ చెప్పలేదనే మనిషికి 1935లో 33 మంది రచయితలు బహిరంగంగానే చెప్పారు.

ధ్వని సిద్ధాంతం ప్రకారం చెప్పని దానికీ అర్థం ఉంటుంది. ఈ పుస్తకంలో మౌనం అటువంటిదే. ఆక్రమణకాలంలో నార్వే నుంచి సుమారు 770 మంది యూదులను నిర్బంధశిబిరాలకు తరలించారు. తిరిగివచ్చినవారు కొన్ని పదులు మాత్రమే. కవి ఆర్నుల్ఫ్ ఓవర్లాండ్ జర్మనీలోని సాక్సెన్‌హౌసెన్ శిబిరంలో బందీగా గడిపాడు. కవి నూర్దాల్ గ్రీగ్ 1943లో బెర్లిన్‌పై జరిగిన విమానదాడిలో మరణించాడు. చెట్టుకూ, చెప్పులకూ, దారిన పోయే బాటసారికీ చోటిచ్చిన కథనంలో ఈ మనుషుల విధి వస్తువు కాలేదు. పశ్చాత్తాపం చెప్పించుకోవడం విమర్శ పని కాదు. కాని ఇంత సూక్ష్మమైన చూపు ఎక్కడికి వచ్చి ఆగిపోతున్నదో గుర్తించడం విమర్శ పనే. తన మనసు లోతులను చూడగలిగిన రచయిత తన మాటల ఫలితం అనుభవించినవారిని చూడలేదు. దర్శనం చెదిరిందనడానికి ఆధారం ఇదే.

6. ఉండ్సెట్ పక్షం - ఒక హెచ్చరిక:

ఈ పోలికను సులభమైన నీతికథగా మార్చకూడదు. 1945లో స్వదేశానికి తిరిగివచ్చిన ఉండ్సెట్‌కు 1947లో సెయింట్ ఓలావ్ మహాపతకం దక్కింది. ప్రజాజీవితంలో ఆమె నిలకడ ప్రశంసనీయం. అయినా యుద్ధం ముగిసిన ఏడాదే జర్మన్ల పునర్విద్యపై రాసిన వ్యాసంలో ఆమె జర్మన్ జాతి మొత్తాన్ని దోషిగా నిలబెట్టింది. తత్త్వవేత్త కార్ల్ యాస్పర్స్ దానికి సమాధానం రాస్తూ, ఒక జాతిని మూకుమ్మడిగా తీర్పు తీర్చడాన్ని వ్యతిరేకించాడు. న్యాయమైన పక్షాన నిలిచినంత మాత్రాన రచయిత చూపు అన్ని వేళలా స్పష్టంగా ఉంటుందన్న హామీ లేదు. అందువల్ల పక్షం ఒక్కటే కొలమానం కాలేదు. ప్రతి రచననూ అది చూసినదాన్నిబట్టి, చూడనిదాన్నిబట్టి పరీక్షించక తప్పదు.

7. తరువాతి చర్చ:

1978లో డేనిష్ రచయిత తోర్కిల్ హాన్సెన్ హాంసున్ విచారణపై బృహద్గ్రంథం ప్రచురించాడు. ప్రభుత్వం, వైద్యులు ఆయనకు అన్యాయం చేశారన్న అతని వాదం పెద్ద వివాదానికి దారితీసింది. వైద్యనివేదిక కూడా అదే సంవత్సరం పుస్తకంగా వచ్చింది. 2009లో హాంసున్ 150వ జయంతిని నార్వే అధికారికంగా జరిపింది. ఆయన పెరిగిన హామరోయ్‌లో స్టీవెన్ హోల్ రూపకల్పన చేసిన హాంసున్ కేంద్రం ప్రారంభమైంది. విమర్శలూ వచ్చాయి. నార్వే ఆయన పుస్తకాలను అటకెక్కించలేదు, ఆయన నేరాన్నీ మరుగుపరచలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నది.

8. ముగింపు:

- హాంసున్ నాజీ సమర్థనకు వార్ధక్యం కారణం కాదు. 1935 నాటి ఒసియెత్‌స్కీ ఉదంతమే దీనికి ఆధారం.
- "పొదలు కమ్మిన దారులలో" శిల్పపరంగా సమర్థమైన రచన. ఆ సామర్థ్యమే రచయిత బాధ్యతకు సాక్ష్యం.
- న్యాయస్థాన ప్రసంగంలోని రెండు వాదాలు ఒకదాన్నొకటి ఖండిస్తాయి. లోపించినది సమాచారం కాదు, దర్శనం.
- ఋషిత్వాన్ని శీలంగా కాక చూపుగా అర్థం చేసుకుంటే, రచయిత జీవితాన్నీ రచననూ విడదీయాలా కలపాలా అన్న చర్చకు రచన లోపలినుంచే సమాధానం వెతకవచ్చు.

ఇటువంటి రచయితను తరగతిగదిలో బోధించేటప్పుడు అధ్యాపకులకు రెండు సులువైన దారులు కనిపిస్తాయి: పాఠ్యప్రణాళిక నుంచి తొలగించడం, లేదా జీవితవిశేషాల నుంచి ఆ పదేళ్లను తొలగించడం. మొదటిది విద్యార్థికి వర్ణనను దూరం చేస్తుంది. రెండవది దర్శనమంటే ఏమిటో నేర్చుకునే అవకాశాన్ని దూరం చేస్తుంది. ఒక గొప్ప వాక్యం ఎంతవరకు చూస్తున్నదో, ఎక్కడ చూపు తిప్పుకుంటున్నదో విద్యార్థి గుర్తించగలగాలి. ఆ శిక్షణకు హాంసున్ చివరి పుస్తకం మొత్తంగా చదవదగినది.