కొట్టుకునే గుండె మీద పొర ఒలిచే చేతులు

లోపలి నీరు చిట్లకుండా ముంజె తొక్క తీయాలంటేనే ఎంతో నేర్పు కావాలి. గుండె చుట్టూ బిగుసుకున్న పొరను తీసే పెరికార్డియెక్టమీ అనే ఆపరేషన్ చేసే సర్జన్ అలాంటి పనిని కొట్టుకుంటున్న గుండె మీద చేస్తారు.

గుండెను చుట్టిన పెరికార్డియం అనే ఈ పొర మామూలుగా రెండు మిల్లీమీటర్ల మందం కూడా ఉండదు. మన దేశంలో ఎక్కువగా క్షయ వల్ల అది గట్టిపడి, ఒక్కోసారి సున్నం పట్టి పెంకులా బిగుసుకుంటుంది. గుండెకు విప్పారే చోటుండదు. మెడ సిరలు ఉబ్బుతాయి, పొట్టలో నీరు చేరుతుంది, కాళ్లు వాస్తాయి. కాలేయ జబ్బేమోనని పొరబడటమూ ఉంది.

రొమ్ము ఎముకను నిలువునా కోశాక అసలు ఓర్పు మొదలవుతుంది. సాధారణంగా ముందు ఎడమ జఠరికను విడిపిస్తారు. కుడివైపు ముందు వదులైతే, ఇంకా బిగుసుకున్న ఎడమవైపు తట్టుకోలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. పొరకూ కండరానికీ మధ్య సరైన సందు దొరకాలి. ఇరుపక్కలా ఉదరవితానాన్ని ఆడించే ఫ్రెనిక్ నరాలు తెగకూడదు. కండరంలోకి దిగబడిన సున్నపు పలుకును పీకకుండా దీవిలా వదిలేస్తారు. ఎక్కడ ఆగాలో తెలిసిన ఆ చేతికి దండం పెట్టాలి.

పొర తొలగుతుంటే గుండె నిండుగా విప్పారడం కంటికే కనిపిస్తుంది. మానిటర్ మీద సిరల పీడనం దిగుతుంది.

ఇది చిన్న ఆపరేషన్ కాదు, ప్రాణాపాయమూ ఉంది. రేడియేషన్ వల్ల పొర బిగుసుకున్నవారికి ఫలితాలు అంత బాగుండవు. క్షయ రోగుల్లో మాత్రం, మందులు పూర్తిగా వాడుతూ ఆలస్యం కాకముందే చేయించుకుంటే చాలామంది కోలుకుంటారు. కొందరికి నెలలు పడుతుంది. పొట్ట దిగుతుంది, పాత చెప్పులు మళ్లీ కాళ్లకు పడతాయి.