గాజు గోడలు, పక్షులు, భవన నిబంధనలు

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో కొత్తగూడెం, పాల్వంచ దాటేసరికి అడవి రోడ్డుకు చేరువగా వస్తుంది. 1977లో ఏర్పడిన కిన్నెరసాని అభయారణ్యం ఈ ప్రాంతంలోనే ఉన్నది. దాని వైశాల్యం సుమారు 635 చదరపు కిలోమీటర్లు. ఇటువంటి అడవి అంచు ఊళ్లలో కూడా ఇప్పుడు లాడ్జీలు, ఆసుపత్రులు, దుకాణాలు గాజు ముఖాలతో లేస్తున్నవి. చూపరులకు ఇవి అభివృద్ధి చిహ్నాలు. పక్షులకు మాత్రం కంటికి ఆనని గోడలు. ఈ అపాయాన్ని నివారించే నిబంధన మన భవన నిర్మాణ నియమాలలో చేరవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

పక్షి గాజును గుర్తించలేకపోవటానికి కారణాలు రెండు. మొదటిది ప్రతిబింబం. చెట్టు, ఆకాశం గాజులో ప్రతిఫలించినప్పుడు పక్షి వాటిని నిజమైనవనే భావించి పూర్తి వేగంతో దూసుకొనిపోతుంది. రెండవది పారదర్శకత. భవనం మూలలో రెండు వైపులా గాజు ఉన్నచోట అవతలి తోట కనిపిస్తుంది. మధ్యనున్న పలక కనిపించదు. రాత్రివేళ దీపాల వెలుగు ఈ అపాయాన్ని మరింత పెంచుతుంది. హిమాలయ పాద ప్రాంతాల నుంచి, మధ్య భారతపు అడవుల నుంచి శీతకాలానికి దక్షిణాదికి తరలివచ్చే పొన్నంగి పిట్ట రాత్రిపూటనే ప్రయాణం చేస్తుంది. అది అలసిపోయో, గోడకు తగిలో ఇళ్ల వద్ద పడి దొరకటం కద్దు. అద్దంలో తన రూపాన్ని చూసి శత్రువనుకొని పొడిచే పికిలి పిట్ట సంగతి వేరు. దానికి సాధారణంగా ప్రాణాపాయం లేదు. రెంటినీ ఒకటిగా చూడరాదు.

అమెరికాలో డేనియల్ క్లెమ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ విషయాన్ని 1970ల నుంచి పరిశీలించి, ఆ ఒక్క దేశంలోనే ఏటా 9.76 కోట్ల నుంచి 97.6 కోట్ల పక్షులు ఇట్లా చనిపోతున్నవని 1990లో అంచనా కట్టాడు. 2014లో మరికొందరు పరిశోధకులు అనేక అధ్యయనాలను సమీకరించి, ఆ సంఖ్య 36.5 కోట్లకు, 98.8 కోట్లకు మధ్య ఉంటుందని తేల్చారు.

ఇది ఆకాశహర్మ్యాలున్న నగరాల సమస్య గాని, భద్రాచలం వంటి ఊరికి దీనితో పని ఏమిటని కొందరు ఆక్షేపించవచ్చు. పై పరిశోధనలోనే దీనికి సమాధానం ఉన్నది. చనిపోయిన పక్షులలో 12 అంతస్తులు, ఆపైన ఉన్న మేడల వాటా ఒక శాతం కంటె తక్కువ. నాలుగు నుంచి పదకొండు అంతస్తుల భవనాల వాటా 56 శాతం; మూడంతస్తుల లోపు ఇళ్ల వాటా 44 శాతం. ఒక్కొక్క భవనాన్ని విడిగా తీసుకుంటే ఎత్తయినదే ఎక్కువ పక్షులను చంపుతుంది. కాని చిన్న భవనాల సంఖ్య అపారం. పైగా చెట్ల కొమ్మలు ప్రతిఫలించేది కింది అంతస్తులలోనే.

మన నియమాలలోని లోపం ఇక్కడ బయటపడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చి తెలంగాణలోనూ కొనసాగిన భవన నిబంధనలు స్థలం కొలతను, రోడ్డు వెడల్పును, భవనం ఎత్తును బట్టి నడుస్తవి. 2020 నాటి టి.ఎస్.-బీపాస్ చట్టం 600 చదరపు గజాల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు లోపు కట్టడానికి యజమాని స్వయం ధ్రువీకరణ మీదనే అనుమతి లభించే వీలు కల్పించింది. గాజు ఎంత, చెట్టు ఎంత దూరం అన్న ప్రశ్నకు వీటిలో తావు లేదు. ఇంకొక విచిత్రం. మనుషులు గాజును ఖాళీ చోటని భ్రమపడి గుద్దుకొనకుండా దాని మీద గుర్తులు ఉండాలని 2016 జాతీయ భవన నియమావళి చెప్తున్నది. మనిషి కన్నే మోసపోతుందని ఒప్పుకొన్నవారు పక్షి కన్ను సంగతి మరవటం సమంజసం కాదు.

ఇతర దేశాల అనుభవం మనకు ఉపకరిస్తుంది. న్యూయార్కు నగరం 2019లో ఆమోదించి 2021 జనవరి నుంచి అమలు జరిపిన శాసనం ప్రకారం, కొత్త భవనాలలో నేల నుంచి 75 అడుగుల ఎత్తు వరకు ఉండే బయటి గాజులో 90 శాతం పక్షులకు కనిపించేదిగా ఉండాలి. ఎత్తయిన మేడలకు పేరుపొందిన నగరమే కింది భాగం మీద దృష్టి నిలపటం గమనించదగినది. అయితే ఈ శాసనం పాత భవనాలను, పెద్ద మార్పులు చేస్తే తప్ప, తాకదు. ఇది దాని కొరత. పాత భవనాలను బాగుచేయటం అసాధ్యం కాదని చికాగో నిరూపించింది. అక్కడ సరస్సు ఒడ్డున ఉన్న ఒక ప్రదర్శనశాలకు 2023 అక్టోబరులో ఒక్క రాత్రిలో సుమారు వెయ్యి పక్షులు తగిలి చనిపోయినవి. 2024లో దాని గాజుకు చుక్కల పొర అతికించగా, ఆ శరత్కాలంలో మరణాలు 95 శాతం వరకు తగ్గినవి.

అడవి అంచు ఊళ్లకు కావలసిన నిబంధన క్లిష్టమైనది కాదు. భవనం ఎత్తును గాక గాజు వైశాల్యాన్ని, చెట్ల సామీప్యాన్ని కొలతగా తీసుకోవాలి. గాజు మీద చుక్కలు గాని గీతలు గాని 5 సెంటీమీటర్లకు మించని ఎడంతో ఉండాలి. అవి బయటివైపు ఉండటం ముఖ్యం. లోపల ఉన్నవాటిని ప్రతిబింబం కప్పివేస్తుంది. లోపలి పరదాలు చాలకపోవటానికి కారణం ఇదే. డేగ బొమ్మ ఒకటి అతికించినా ప్రయోజనం స్వల్పం. పక్షి ఆ బొమ్మను తప్పించుకొని దాని పక్క గాజును ఢీకొంటుంది. వలస కాలంలో అనవసరపు రాత్రి దీపాలు ఆర్పివేయాలి.

ఖర్చు అధికమన్న వాదం కూడా నిలువదు. కట్టేటప్పుడే గాజు తగ్గిస్తే డబ్బు మిగులుతుంది. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో కిటికీ ముందు వెదురు తడికలు, ఇటుక జాలీలు పక్షిని కాపాడటమే గాక గదిని చల్లబరుస్తవి కూడా. ఎండవేడిని తిప్పికొట్టటానికని అద్దం వలె మెరిసే గాజును వాడితే మాత్రం పక్షులకు అపాయం పెరుగుతుంది.

చనిపోయిన పక్షులను కాకులు, పిల్లులు ఎత్తుకొనిపోతవి. మిగిలినవి ఊడ్పులో పోతవి. అందువలననే ఈ నష్టం కంటికి కనబడదు. ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు ఉదయమే గాజు భవనాల కింద విద్యార్థుల చేత వెదికించి, తేదీ, పక్షి పేరు, గాజు దిక్కు ఒక పుస్తకంలో రాయించవచ్చు. అట్టి లెక్కలు ఖమ్మం నగర పాలక సంస్థ ముందు, భద్రాచలం పంచాయతీ ముందు పెడితే, నిబంధన కోరేవారి మాటకు బలం చేకూరుతుంది.