వెల్డు లోతు చెప్పే వెలుగు

విద్యుత్ కారు బ్యాటరీలో సెల్స్‌ను కలిపే రాగి, అల్యూమినియం రేకులను ఇప్పుడు చాలాచోట్ల లేజర్‌తోనే వెల్డింగ్ చేస్తున్నారు. ఒక్కో ప్యాక్‌లో అలాంటి అతుకులు వందల్లో, కొన్నిటిలో వేలల్లో ఉంటాయి. లోతు చాలకపోతే అతుకు నిలవదు. ఎక్కువైతే కింద ఉన్న సెల్‌కే చిల్లు పడుతుంది. పైనుంచి చూస్తే రెండూ నిగనిగలాడుతూ ఒక్కలాగే ఉండవచ్చు. కోసి చూద్దామంటే, కోసిన ముక్క ఇక దేనికీ పనికిరాదు. అందుకే అతుకు పడుతున్న క్షణంలోనే, అది చిమ్మే వెలుగును బట్టి మంచిచెడ్డలు తేల్చే విద్య పెరిగింది. కొలిమిలో ఇనుము రంగు చూసి సుత్తి ఎత్తే కమ్మరిదీ ఇదే విద్య. కాకపోతే ఇక్కడ రెప్పపాటు కాలం కూడా మరీ ఎక్కువ.

లేజర్ శక్తిని చదరపు సెంటీమీటరుకు పది లక్షల వాట్ల స్థాయికి కుదిస్తే లోహం కరగడంతో ఆగదు, మరుగుతుంది. ఆవిరి ఒత్తిడికి కరిగిన లోహం పక్కకు తప్పుకుని, సన్నటి నిలువు గుంత పడుతుంది. దాన్ని కీహోల్ అంటారు. కిరణం దాని గోడలకు తగులుతూ, తగిలినప్పుడల్లా కొంత వేడిని అక్కడ వదులుతూ అడుగుకు దిగుతుంది. లోతైన వెల్డు సాధ్యమయ్యేది ఈ గుంత వల్లే, పాడయ్యేది కూడా దీనివల్లే. అది కుదురుగా ఉండదు. ఉన్నట్టుండి మూసుకుపోతే వాయువు లోపల చిక్కి బుడగగా గట్టిపడుతుంది.

దీన్ని గమనించడానికి అందరూ మొదట పెట్టేది ఫోటోడయోడ్. సాధారణంగా మూడు ఉంటాయి. లోహపు ఆవిరి మెరుపును చూసేది ఒకటి, వెనక్కి తిరిగొచ్చిన లేజర్ కాంతిని కొలిచేది ఇంకొకటి, కరిగిన లోహం వేడిని పరారుణ కాంతిలో పట్టేది మూడోది. చవక, మహా వేగం. మంచి వెల్డులు ఇచ్చిన సంకేతాలతో ఒక హద్దు గీసి, దాన్ని దాటితే అలారం మోగిస్తారు. రేకుల మధ్య సందున్నా, పైన నూనె మరక ఉన్నా సంకేతం మారవచ్చు. ఏదో తేడా జరిగిందని మాత్రం ఇది చెబుతుంది. ఏం జరిగిందో చెప్పదు. అమ్మేవాళ్లు ఈ మాట అంత గట్టిగా చెప్పరనే నా అనుమానం. అలారం ఊరికే మోగుతూ ఉంటే ఆపరేటర్ దాన్ని లెక్కచేయడం మానేస్తాడు.

లోతును నేరుగా కొలిచే పరికరం వచ్చింది మాత్రం కంటి వైద్యం నుంచి. షుగర్ ఉన్నవాళ్లకు నేత్ర వైద్యశాలలో రెటీనాను చూసే ఓసీటీ స్కాన్ తెలిసిందే. అమెరికాలోని ఎంఐటీలో డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో బృందం 1991లో దాన్ని లోకానికి చూపింది. అదే సూత్రాన్ని కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఫ్రేజర్ బృందం కీహోల్ మీదికి తిప్పింది. వెల్డింగ్ కిరణం వెళ్లే దారిలోనే బలహీనమైన మరో కిరణాన్ని పంపుతారు. అది గుంత అడుగును తాకి తిరిగొచ్చి, తెలిసిన దూరం తిరిగొచ్చిన తన తోటి కిరణంతో కలుస్తుంది. రెండూ కలిసినచోట ఏర్పడే చారలను లెక్కగడితే లోతు మైక్రాన్లలో తెలుస్తుంది. చుట్టూ ఎంత మెరుపున్నా దీనికి పెద్ద ఇబ్బంది లేదు. ఆ మెరుపు ఈ కిరణంతో కలిసి చారలు కట్టలేదు మరి.

లోహపు పొడిని లేజర్‌తో పొరపొరగా కరిగించే 3డి ప్రింటింగ్‌లో చిక్కు ఇంకా ఎక్కువ. ఒక్కో పొర మందం 30 నుంచి 60 మైక్రాన్లు, అలాంటివి వేల పొరలు. హైదరాబాద్‌లోని స్కైరూట్ తన ధవన్-1 రాకెట్ ఇంజిన్‌ను 3డి ప్రింటింగ్‌తోనే చేసింది. ఇలాంటి భాగాల లోపల దాగిన చిన్న రంధ్రం చాలు, పగులు మొదలవడానికి. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో శక్తిమంతమైన ఎక్స్‌రేలతో కీహోల్ కదలికలను నేరుగా వీడియో తీశారు. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో ఎక్స్‌రేను, పైనుంచి చూసే థర్మల్ కెమెరాను ఒకేసారి నడిపారు. రంధ్రం పుట్టిన క్షణాలను ఎక్స్‌రే చూపింది. ఆ క్షణాల్లో వెలుగు ఎలా ఊగిందో కంప్యూటర్‌కు నేర్పారు.

అంత ఎక్స్‌రే ప్రతి ఫ్యాక్టరీకీ ఎక్కడినుంచి వస్తుంది? అందుకే సెన్సర్లు పెట్టిన చోట్ల కూడా నమూనా వెల్డులను ఇంకా కోస్తూనే ఉన్నారు. నునుపుగా సానపట్టి, ఆమ్లం పూసి, మైక్రోస్కోప్ కింద లోతు కొలిచి, సెన్సర్ హద్దును సరిచేసేది దాన్ని బట్టే.