చౌడు కప్పిన మిద్దె

ఆదోనిలో చూడదగ్గదేమిటని అడిగితే కొండమీది కోటనో, 17వ శతాబ్దంలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన షాహీ జామియా మసీదునో చూపిస్తారు. పాత వీధిలోని మట్టి మిద్దెను ఎవరూ చూపించరు. నాకు మాత్రం ఈ సీమ నేల తెలివంతా ఆ మిద్దెపైనే ఉందనిపిస్తుంది.

గోడ మందం రెండడుగులకు తగ్గదు. లోపలొక వరస, బయటొక వరస రాళ్లు పేర్చి నడుమ చిన్నరాళ్లూ బురదమన్నూ దట్టిస్తారు. పడసాలలో కొయ్య స్తంభాలు, వాటి మీద దూలాలు, దూలాలకు అడ్డంగా దంతెలు, ఆపైన చెక్కలో కట్టెపుల్లలో. వాటిమీద ఆకూ అలమూ పరిచి మన్ను వేస్తారు. వంటింటి మీద పొగ పోవడానికీ వెలుగు రావడానికీ గవాచి వదులుతారు. వానొస్తే దానిపై బండ మూత.

కిటుకంతా పైపొరలో ఉంది. చుట్టూ పత్తి పండే నల్లరేగడి ఉండగా వేరే మన్నెందుకు? రేగడి తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. మొదటి వానకే మిద్దె కురుస్తుంది. అందుకని చౌడు తెస్తారు. అందులోని సోడియం వల్ల నీళ్లు తగలగానే బంకమన్ను రేణువులు విడిపోయి సందుల్లో ఇరుక్కుంటాయి, నీళ్లు దిగే దారులు మూసుకుపోతాయి. చేలో పైరును ఎదగనివ్వని గుణమూ ఇదే. పొలంలో తిట్టుకున్న మన్నునే రైతు వానలకు ముందు బండికెత్తి ఇంటికి తోలుకునేవాడు.

ఏటా కొత్త చౌడు వేయాలి, తూము వైపు వాలు సరిచూడాలి, మొలిచిన గడ్డి పీకాలి. పాతమన్ను గోకకుండా కొత్తది వేస్తూపోతే దూలాలు వంగుతాయి. అడుగు మందం మన్ను చదరపు అడుగుకు 45 కిలోల దాకా తూగుతుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. మిద్దెలు కూలేది చాలావరకు ఈ బద్ధకంతోనే.

ఆ బరువే వేసవిలో చల్లదనం. పగటి ఎండ మన్ను దాటి లోపలికి దిగేలోపు పొద్దు వాలుతుంది. ఈ సంగతి ఎమ్మిగనూరు నేతగాళ్లకు బాగా తెలుసు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. గాలి పొడిబారితే నూలు పటుక్కున తెగుతుంది. మట్టినేలలో తవ్విన గుంత మగ్గానికి పైన మట్టి మిద్దె ఉంటే ఆ బాధ తగ్గుతుంది. రేకుల కింద మే నెలలో నేయడం నరకం.

ఇలాంటి పాత ఇళ్లను కాపాడాలంటే చట్టం గుర్తొస్తుంది. ఫ్రాన్సులో 1913 నాటి చట్టం కింద నమోదైన పాత ఇంటిని అనుమతి లేకుండా యజమాని కూడా మార్చలేడు. 1962లో ఆంద్రె మాల్రో తెచ్చిన చట్టం పాత పట్టణ భాగాలనే కాపాడింది. అక్కడిది రాతి ఇల్లు, నిలిపి ఉంచితే చాలు. మన మిద్దెను ముట్టుకోవద్దంటే రెండు వానాకాలాల్లో కురుస్తుంది. కాపాడాల్సింది ఏ దిన్నె చౌడు మంచిదో తెలిసిన మనిషిని.

ఆ మనిషి దొరక్క ఇప్పుడు మట్టి మిద్దెపై సిమెంటు పూయిస్తున్నారు. కింద దంతెలు కాస్త కదిలినా పూత పగులుతుంది. పగుల్లోంచి దిగిన తడి ఆరే దారిలేక దూలాన్ని పుచ్చబెడుతుంది. అంతకంటే రెండు బండ్ల చౌడు చవక.