ముఖం ఎదుటే ఉండగా ఫొటో ఎందుకు?

పాస్‌పోర్టు సైజు ఫొటో కావాలని రాజాంలో ఏ స్టూడియోకి వెళ్లినా పని ఇంచుమించు ఒకేలా జరుగుతుంది. తెల్లగుడ్డ ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తమని, రెండు లైట్లు వేసి క్షణంలో తీసేస్తారు. అసలు పని ఆ తరవాత కంప్యూటర్ ముందు మొదలవుతుంది. నుదుటి మీద జిడ్డు మెరుపు తగ్గిస్తారు, మొటిమ మచ్చ చెరిపేస్తారు, చాయ ఒక మెట్టు పెంచుతారు, చెదిరిన జుట్టు సర్దుతారు. అడిగితే చొక్కా మీద నల్లకోటు కూడా తొడుగుతారు. షీటుకి ఎనిమిది కాపీలు వేసి, కత్తిరించి, చిన్న కవర్లో పెట్టి చేతికిస్తారు. ఏళ్ల తరబడి చేసిన అలవాటు మీద వచ్చిన నేర్పు అది. కాలేజీ కార్డుకీ, ఉద్యోగం దరఖాస్తుకీ, పెళ్లి సంబంధానికీ జనం కోరేది అదే. విదేశీ ప్రయాణానికి మాత్రం ఆ నేర్పే అడ్డొస్తుంది. ముఖం మారేలా ఎడిట్ చేసిన ఫొటో చెల్లదని అమెరికా వీసా నిబంధనల్లోనే ఉంది. ముఖం పోల్చి చూసే యంత్రానికి మచ్చ కూడా మనిషి ఆనవాలే.

తప్పు స్టూడియోవాళ్లదని తేల్చెయ్యడం అన్యాయం. పాస్‌పోర్టు సైజు అని మనం ఒకే పేరు పెట్టుకున్నాం గానీ ఆ సైజు దేశానికొకటి. అమెరికా వీసాకి రెండంగుళాల చదరం కావాలి. షెంగెన్ దేశాలకి 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు. చైనాకి 33, 48. అమెరికా 2016 నవంబర్ 1 నుంచి కళ్లద్దాలతో దిగిన ఫొటోలు తీసుకోవడం మానేసింది. తెల్ల తెర ముందు తెల్లచొక్కాతో కూర్చుంటే భుజాలు తెరలో కలిసిపోతాయి. నాలుగైదు నెలలకోసారి అలాంటి ఫొటో తీసే స్టూడియోకి ఇవన్నీ గుర్తుండాలనడం ఎలా కుదురుతుంది? ఇక ఫొటో తిప్పికొడితే పడే దెబ్బ అందరికీ ఒకటి కాదు. హైదరాబాద్‌లో ఉండేవాడు పక్కవీధిలో మరోటి తీయించుకుని గంటలో తిరిగొస్తాడు. రాజాంకి రైలు లేదు. చీపురుపల్లి స్టేషన్‌కో పొందూరుకో పోవాలి. విశాఖలోని ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం సుమారు వంద కిలోమీటర్లు. అమెరికన్ కాన్సులేట్ హైదరాబాద్‌లో. నిబంధన అందరికీ సమానమే, దాని ఖర్చు మాత్రం దూరాన్ని బట్టి పెరుగుతుంది. జీఎంఆర్ ఇంజినీరింగ్ కాలేజీ 1997 నుంచి ఉన్న ఊరిది, పై చదువులకి విదేశాలు వెళ్లే పిల్లలున్న ఊరు. వాళ్ల ఇళ్లలో ఒక రోజు కూలీ, ఇద్దరి బస్సు ఛార్జీ చిన్న లెక్కలు కావు.

అందుకే నేననేది ఒక్కటే. కాగితం ఇచ్చే ఆఫీసే ఫొటో కూడా తీసుకోవాలి. ఇది కొత్త కోరికేమీ కాదు. పాస్‌పోర్టు సేవా కేంద్రంలో పెద్దవాళ్లకి కౌంటర్ దగ్గరే ఫొటో తీస్తారు, వేలిముద్రలు అక్కడే తీసుకుంటారు. ఫొటో పట్టుకెళ్లాల్సింది నాలుగేళ్ల లోపు పిల్లలకే. వెలుతురు చాలకపోయినా, తల వంగినా అక్కడికక్కడే మళ్లీ తీస్తారు గనక సైజు తప్పిందని తిరిగొచ్చే బాధ లేదు. డ్రైవింగ్ లైసెన్స్‌కీ రవాణా కార్యాలయంలోనే ఫొటో తీస్తారు. అమెరికా వీసాకి కూడా వేలిముద్రలు తీసే చోట ఫొటో తీస్తారు. అయినా అంతకుముందు ఆన్‌లైన్ దరఖాస్తులో మరో ఫొటో అడుగుతారు. మనిషిని ఎలాగూ పిలిపించి ఎదురుగా నిలబెట్టుకున్నాక, ముందుగా ఇంకో ఫొటో తెమ్మనడానికి నాకు న్యాయమైన కారణం కనబడదు.

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ దగ్గర ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చే ఈ చిన్న పుస్తకం మన లైసెన్స్‌కి పలు భాషల్లో తర్జుమా లాంటిది, ఏడాది చెల్లుతుంది, రుసుము వెయ్యి రూపాయలు. 2022 ఆగస్టు 26 నాటి కేంద్ర నోటిఫికేషన్‌తో దేశమంతటా దానికి ఒకే నమూనా వచ్చింది, క్యూఆర్ కోడ్‌తో లైసెన్స్‌కి ముడి పెట్టారు. అంటే మనిషి ఫొటో రవాణా శాఖ దగ్గరే ఉంది, అయినా మళ్లీ ఫొటో తెమ్మంటారు. శాఖ దగ్గరున్న ఫొటో పాతదైతే అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిందే. 2019 సవరణ ప్రకారం ముప్పై నిండకముందు తీసుకున్న లైసెన్స్ నలభై ఏళ్లు వచ్చేదాకా చెల్లుతుంది. పద్దెనిమిదేళ్ల ముఖంతో ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని పోల్చమంటే ఏ పోలీసూ ఒప్పుకోడు. అయితే ఆ అభ్యంతరానికి జవాబు ఆఫీసులో కొత్త ఫొటో తీయడం. స్టూడియోలో మెరుగులు దిద్దిన కాగితం ముక్క తెమ్మనడం జవాబు కాదు. సులభం చేయడం చేతకానిదీ కాదు. 2021 జనవరిలో ఇదే పర్మిట్‌కి వైద్య ధ్రువపత్రం, ముందుగా వీసా చూపించాలనే షరతులు రెండూ తీసేశారు. విదేశంలో గడువు తీరితే అక్కడి మన రాయబార కార్యాలయం ద్వారా మళ్లీ తీసుకునే దారి కూడా పెట్టారు.

అసలు ఆ పర్మిట్ ఎందుకు, మన లైసెన్స్ మీద ఇంగ్లిష్ ఉందిగా అనే వాళ్లున్నారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పర్యాటకులకి ఆ మాట చెల్లుతుంది. జపాన్‌లో చెల్లదు, అక్కడ జెనీవా నమూనా పర్మిట్ తప్పనిసరి. చైనా దేన్నీ ఒప్పుకోదు. ఇంతకన్నా ముఖ్యం గల్ఫ్ సంగతి. యూఏఈలో నివాస వీసా మీద ఉండే భారతీయుడు అక్కడి పరీక్ష నెగ్గి, అక్కడి లైసెన్స్ తీసుకుంటేనే బండి నడపాలి. డ్రైవర్ పని కోసం పోయే శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లకి ఈ పర్మిట్ ఉద్యోగం తెచ్చిపెట్టదు. ఆ మాట డబ్బు కట్టించుకునే కౌంటర్ దగ్గరే తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి.

చేతిలో ఫోన్ ఉంది, ఇంట్లోనే తీసుకోవచ్చుగా అనేది చివరి అభ్యంతరం. గోడ మీద నీడ, కిటికీ పక్క నుంచి పడే వెలుగు, ఫోన్ తనంతట తానే చర్మం నున్నగా చేసే ఫిల్టర్ కలిసి ఆ ఫొటోని స్టూడియో ఫొటో కన్నా అధ్వానం చేస్తాయి. స్టూడియోల బతుకు గురించి ఆలోచించాల్సిందే, వాళ్ల రాబడిలో ఈ చిన్న కవర్ల పాలూ ఉంటుంది. కాకపోతే బడి, పరీక్ష, బ్యాంకు ఫొటోలు ఎటూ పోవు. ఆఫీసులు మారేదాకా విదేశాలకి వెళ్లేవాళ్లు స్టూడియోలో కూర్చునే ముందే రెండు మాటలు చెప్పాలి. ఏ దేశానికో చెప్పాలి, తీశాక ముఖం మీద ఏమీ దిద్దొద్దని చెప్పాలి. ముదురు రంగు చొక్కా వేసుకెళ్లాలి, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకోవాలి.