రాత ముందు, మార్పు తర్వాత: డేటాబేస్ లాగ్ నిర్వహణ, పునరుద్ధరణ

రిలేషనల్ డేటాబేస్‌లో ఏ మార్పు చేసినా దాని వివరం ముందుగా లాగ్ ఫైలులో, అంటే డిస్కు మీద, పడాలి. పట్టికలున్న అసలు డేటా ఫైలుకు ఆ మార్పు ఆ తర్వాత ఎప్పుడు చేరినా ఫరవాలేదు. లావాదేవీ పూర్తయిందని వాడుకరికి చెప్పడానికి కూడా కొలమానం ఇదే: కమిట్ రికార్డు, అంటే పని ముగిసిందన్న నమోదు, లాగ్‌లో భద్రంగా పడిందా లేదా అన్నదొక్కటే చూస్తారు. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ, అన్నీ ఈ ఒక్క నియమం మీదే నిలబడ్డాయి.

లక్సెట్టిపేట మండలంలో ఒక రైతు తనకున్న 3 ఎకరాల్లో 1 ఎకరం 10 గుంటలు అమ్మాడనుకుందాం. వెనుకటి పద్ధతిలో సబ్ రిజిస్ట్రార్ దగ్గర దస్తావేజు అయ్యాక మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పిడి) కోసం రెవెన్యూ కార్యాలయం చుట్టూ మళ్లీ తిరగాల్సి వచ్చేది. ఆ మధ్యకాలంలో భూమి కాగితం మీద ఒకరిది, రెవెన్యూ రికార్డైన పహాణీలో ఇంకొకరిది. ఎన్నో తగాదాలు పుట్టింది ఆ సందులోనే. 2020 అక్టోబర్ 29న తెలంగాణ ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలయ్యాక వ్యవసాయ భూమికి ఈ రెండు పనులూ తహసీల్దార్ దగ్గరే, ఒకే దఫాలో జరిగే ఏర్పాటు వచ్చింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలోకి భూభారతి వచ్చింది. ఇలా రెండు పనులను ఒకటిగా ముడివేసినప్పుడు ఆ ముడి కంప్యూటర్ లోపల కూడా ఊడకూడదు. అమ్మినవారి ఖాతాలో 1 ఎకరం 30 గుంటలు మిగలాలి, కొన్నవారి ఖాతాలో 1 ఎకరం 10 గుంటలు చేరాలి. మొదటిది రాసి రెండోది రాయకముందే సర్వర్ ఆగిపోతే ఆ ఎకరం పది గుంటలు ఎవరి పేరునా లేకుండా పోతాయి.

అలా పోకుండా కాపాడేది లాగే. అందులోని ఒక్కో రికార్డులో సాధారణంగా లావాదేవీ నంబరు, మారిన పేజీ (డేటా ఫైలులోని ఒక ముక్క) గుర్తు, పాత విలువ, కొత్త విలువ, వరుస సంఖ్య ఉంటాయి. పాత విలువ ఉంటే సగంలో ఆగిన పనిని వెనక్కి తీసుకోవచ్చు. కొత్త విలువ ఉంటే డేటా ఫైలుకు చేరని పనిని మళ్లీ చేయవచ్చు. కొట్లో రోజువారీ చిట్టాకూ ఖాతాల ఆవర్జాకూ ఉన్న సంబంధమే ఇక్కడా ఉంది. ఆవర్జా తడిసి పాడైతే చిట్టా చూసి మళ్లీ కట్టుకోవచ్చు, చిట్టా పోతే ఆవర్జాలోని చివరి అంకె ఎలా వచ్చిందో చెప్పే ఆధారం ఉండదు.

ఈ ఆలోచనకు గట్టి పునాది 1970ల్లో శాన్‌హోసేలోని ఐబీఎం పరిశోధనశాలలో, సిస్టమ్ ఆర్ ప్రాజెక్టులో పడింది. అక్కడ పనిచేసిన జిమ్ గ్రేకు 1998 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. పునరుద్ధరణను ఒక క్రమంలో పెట్టిన పద్ధతి పేరు ఏరీస్. దాన్ని 1992లో ప్రచురించిన ఐబీఎం బృందంలో మొదటి పేరు మద్రాసు ఐఐటీలో చదివిన సి. మోహన్‌ది.

ఏరీస్ మూడు విడతల్లో నడుస్తుంది. మొదట చివరి చెక్‌పాయింట్ (అప్పటి స్థితిని లాగ్‌లో నమోదు చేసిన చోటు) నుంచి లాగ్ చదివి, ఆగిపోయిన క్షణానికి ఏ లావాదేవీలు పూర్తికాలేదో, ఏ పేజీలు డిస్కుకు చేరకపోయి ఉండవచ్చో తేల్చుకుంటుంది. రెండో విడతలో జరిగినదంతా జరిగినట్టే మళ్లీ చేస్తుంది. చివరికి రద్దు కావాల్సిన లావాదేవీల మార్పులను కూడా వదలదు. చూడడానికి వృథా శ్రమలా ఉన్నా పద్ధతి బలమంతా ఇక్కడే ఉంది: డేటాబేస్ ఆగిన క్షణంలో ఎలా ఉందో అచ్చంగా అలాగే తయారవుతుంది, అక్కడి నుంచి చేసే రద్దు మామూలు రోజు చేసే రద్దు లాంటిదే అవుతుంది. ప్రతి పేజీ మీద తనను చివరిగా మార్చిన లాగ్ రికార్డు సంఖ్య ఉంటుంది కాబట్టి ఒకే మార్పు రెండుసార్లు పడదు. మూడో విడతలో అసంపూర్తి లావాదేవీలను చివరి మార్పు నుంచి మొదటిదాకా రద్దు చేస్తుంది, చేసిన ప్రతి రద్దునూ లాగ్‌లో రాస్తుంది. రద్దు మధ్యలో మళ్లీ కరెంటు పోయినా, తిరిగి లేచాక ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కొనసాగుతుంది. అంతటి ముందుచూపుతో రాసిన పద్ధతులు కంప్యూటర్ శాస్త్రంలో అరుదు.

నిర్వహణలో తలనొప్పి లాగ్ పెరగడం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఫుల్ రికవరీ మోడల్ పెట్టి, రాత్రిపూట డేటాబేస్ బ్యాకప్ ఒక్కటే తీస్తూ పోతే ఏదో ఒకరోజు డిస్కు నిండి 9002 నంబరు ఎర్రర్ వస్తుంది, రాతలన్నీ ఆగిపోతాయి. పూర్తి బ్యాకప్ ఎన్నిసార్లు తీసినా లాగ్‌లో జాగా ఖాళీ కాదు. విడిగా లాగ్ బ్యాకప్ తీస్తేనే పాత భాగం తిరిగి వాడకానికి వస్తుంది. ఫైలును కుదించడం మందు కాదు, కారణం అలాగే ఉంటే అది మళ్లీ పెరుగుతుంది. కారణం ఏమిటో సిస్.డేటాబేసెస్ వ్యూలోని లాగ్_రీయూజ్_వెయిట్_డెస్క్ కాలమ్ చెబుతుంది: లాగ్ బ్యాకప్ లేకపోవచ్చు, గంటల తరబడి తెరిచి ఉంచిన లావాదేవీ కావచ్చు, వెనకబడ్డ రెప్లికేషన్ (మరో సర్వర్‌కు మార్పులను పంపడం) కావచ్చు.

పోస్ట్‌గ్రెస్‌లో లాగ్ సాధారణంగా 16 ఎంబీ ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కలుండే ఫోల్డర్‌ను ఒకప్పుడు పీజీ_ఎక్స్‌లాగ్ అనేవారు. పేరులో లాగ్ అని చూసి, పనికిరాని సందేశాల ఫైళ్లనుకుని, జాగా కోసం తుడిచేసి డేటాబేస్‌ను పోగొట్టుకున్నవారు ఉండడంతో 2017లో 10వ వెర్షన్‌లో దాని పేరు పీజీ_వాల్‌గా మార్చారు. ఎవరూ వాడని రెప్లికేషన్ స్లాట్ ఒకటి మిగిలిపోయినా అక్కడి ముక్కలు గుట్టపడతాయి. అప్పుడు తీసేయాల్సింది ఆ స్లాట్‌ను, ఫైళ్లను కాదు.

డిస్కే పాడైనా, షరతు పెట్టడం మరిచిన ఒక్క అప్‌డేట్ ఆదేశం పట్టికంతటినీ మార్చేసినా బ్యాకప్‌కు తోడు లాగ్ వరుస ఉండాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో రాత్రి ఒంటిగంటకు పూర్తి బ్యాకప్, ఆపైన పావుగంటకోసారి లాగ్ బ్యాకప్ ఉన్నాయని, పొరపాటు ఉదయం 11:40కి జరిగిందని అనుకుందాం. ముందుగా ఇంకా బ్యాకప్‌లోకి ఎక్కని లాగ్ తోక భాగాన్ని తీసి భద్రపరచాలి, కంగారులో అందరూ మరిచేది దీన్నే. ఆ తర్వాత పూర్తి బ్యాకప్‌ను నోరికవరీ స్థితిలో ఎక్కించి, లాగ్ బ్యాకప్‌లను వరుస తప్పకుండా పేర్చుకుంటూ వెళ్లి, 11:39 దగ్గర ఆపి తెరవాలి. మధ్యలో ఒక్క ఫైలు లేకున్నా దాని తర్వాతివి పనికిరావు. జాగా కోసం మధ్యలో సింపుల్ మోడల్‌కు మార్చినా వరుస తెగుతుంది. ఒరాకిల్‌లో ఇదే పనికి ఆర్కైవ్‌లాగ్ మోడ్ కావాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఈ సౌకర్యం 2005లో 8.0 వెర్షన్‌తో వచ్చింది. బ్యాకప్‌లు డేటాబేస్ ఉన్న సర్వర్ మీదే ఉంటే అవి లేనట్టే లెక్క, మరో యంత్రం మీద ఎక్కించి చూడని బ్యాకప్‌నూ నమ్మలేం.

లాగే పోయి, బ్యాకప్ కూడా లేనప్పుడు మిగిలేవి చివరి మార్గాలు: ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎమర్జెన్సీ మోడ్‌లో పెట్టి, డేటా నష్టానికి ఒప్పుకుని చేసే రిపేర్, పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_రీసెట్‌వాల్. వీటితో డేటాబేస్ తెరుచుకుంటుంది కానీ సగంలో ఉన్న లావాదేవీలు సగంలోనే నిలిచిపోతాయి. అందుకే ముందు పాడైన ఫైళ్లకు నకలు తీసిపెట్టుకోవాలి, తెరిచిన వెంటనే డేటా అంతా బయటికి తీసి కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించాలి. ఆ తర్వాతి పని చేతి పనే. భూమి రికార్డులైతే ఒక్కో సర్వే నంబరులో ఖాతాల వారీ విస్తీర్ణాలన్నీ కూడి సేత్వార్ (సర్వే మూల రికార్డు)లోని మొత్తంతో పోల్చాలి, తేడా వచ్చిన ప్రతిచోటా దస్తావేజు తీసి చూడాలి.